మిరియానికి మూత్రం ఆగిన ఆషాఢం

మీ ఇంట్లో మూడేళ్ళ పిల్లవాడు పక్క తడిపితే, వాడు మీ మీద పగ తీర్చుకుంటున్నాడని అంటారా? అనరు. ఒళ్ళు కాలుతోందేమో చూస్తారు, కడుపు తడిమి చూస్తారు, బడిలో ఎవరైనా భయపెట్టారేమోనని ఆరా తీస్తారు. అదే పని పిల్లి చేస్తే మాత్రం పగ అంటారు. విశ్వాసం లేని జాతి అంటారు, ఇంటికి కీడు అంటారు. ఎందుకని? ఇది మిమ్మల్నే అడుగుతున్నాను. అడిగే అర్హత నాకుంది, ఎందుకంటే నేనూ అన్నాను.

శకునాల మీద, దిష్టి మీద, మైల మీద ముప్పై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని. పిల్లి ఎదురొచ్చిందని గుమ్మంలోంచి వెనక్కి తిరిగేవాళ్ళను సభల్లో నిలబెట్టి ప్రశ్నించినదాన్ని. అలాంటి నేను నా సొంత పిల్లి విషయంలో నమ్మింది శకునం కంటే ఏమంత మెరుగైనది కాదు. కాస్త చదువుకున్న మూఢనమ్మకం, అంతే. ఇప్పుడు గండం గడిచింది. అందుకే రాస్తున్నాను.

జూన్ చివరి వారం

మాది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండో అంతస్తు. ఇంట్లో నేను, మా ఆయన యాదగిరి, మా అత్తమ్మ. ఆయనకు ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ కొలువు. అత్తమ్మది మెదక్ వైపు వ్యవసాయ కుటుంబం, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నేను గుంటూరు నుంచి వచ్చినదాన్ని. నాలుగో ప్రాణి మిరియం. నాలుగేళ్ళ మగపిల్లి, తోక చివరి దాకా నలుపే. ఒక వానరోజు మెట్ల కింద ముడుచుకుని కనిపిస్తే ఇంట్లోకి తెచ్చాను. సగం జాలితో తెచ్చాను, సగం పంతంతో తెచ్చాను. నల్లపిల్లి ఇంట్లో ఉంటే ఏమవుతుందో చూద్దామన్న పంతం. అత్తమ్మ వారం రోజులు దాని ముఖం చూడలేదు. ఎనిమిదో రోజు తన కంచంలోంచి చేపముక్క తీసి పెట్టింది.

ఆషాఢం వస్తోందంటే మా ఇంట్లో దులపడం, కడగడం మొదలవుతుంది. ఈ ఏడు అత్తమ్మ చూపు మిరియం మలమూత్రాలకు వాడే ఇసుక డబ్బా మీద పడింది. అది అంతవరకు వంటింటిని ఆనుకుని ఉన్న బాత్రూమ్‌లో ఉండేది. ఎల్లమ్మకు బోనం వండే చోటికి అంత దగ్గర్లో అది ఉంటే మైల అంది. మైల అన్న మాట మీద నేను అరగంట వాదించాను. వాదనలో నేనే గెలిచాను, డబ్బా మాత్రం బాల్కనీలోకి, వాషింగ్ మెషీన్ పక్కకు పోయింది. మా ఇంట్లో చాలా వాదనలు అలాగే ముగుస్తాయి.

మూడో రోజున మిరియం గుమ్మం దగ్గర చాప మీద మూత్రం పోసింది. తర్వాత యాదగిరి ఆఫీసు బ్యాగు మీద. ఆ తర్వాత, బోనం నాడు కట్టుకోవాలని అత్తమ్మ మడత పెట్టి పెట్టుకున్న పసుపు చీర మీద.

"చూసినవా, ఎల్లమ్మ తల్లికి కోపమొచ్చింది," అంది అత్తమ్మ. "నల్లదాన్ని ఇంట్ల పెట్టుకుంటే గిట్లనే అయితది."

"కోపం వస్తే పిల్లితో చెప్పించడం దేనికి అత్తమ్మా, నేరుగా నాతోనే చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు ఇంటవా? అందుకే పిల్లికి చెప్పింది."

యాదగిరి పడీపడీ నవ్వాడు. తర్వాత బ్యాగు వాసన చూసుకుని నవ్వు ఆపేశాడు. "ఆఫీసుల నా పక్క కుర్చీల ఎవ్వలు కూసుంటలేరు," అన్నాడు మర్నాడు.

నా సిద్ధాంతం వేరు. ఇది నిరసన అన్నాను. డబ్బా జరిపినందుకు మిరియం మనల్ని సాధిస్తోంది, లొంగితే నెత్తికెక్కుతుంది అన్నాను. అన్నం తింటూ ఇద్దరికీ కార్యకారణ సంబంధం గురించి చెప్పాను. పోసేది తాగిన నీళ్ళే కాబట్టి నీళ్ళు తగ్గిస్తే పోయడమూ తగ్గాలి. ఎంత చక్కగా అతికిందో చూడండి. సాయంత్రం అయిదు దాటాక నీళ్ళ గిన్నె తీసేయడం మొదలుపెట్టాను. దానికి పెట్టేది ఎండు గింజల తిండి, బయట ఉక్క. పోసిన చోటల్లా ఫినాయిల్‌తో తుడిచాను. ఒకసారి దాని మెడ పట్టుకుని ముక్కును ఆ చీరకేసి అదిమాను కూడా. అది నా చేతిని గీరలేదు. కళ్ళు మూసుకుంది.

ఈ చివరి మూడు వాక్యాలూ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఇది రాయడంలో అర్థం లేదు.

జులై మొదటి వారం

వాసన ఇంటి గోడల్లో ఆగదు. అపార్ట్‌మెంట్ కార్యదర్శి ప్రసాదరావు గారు ఒక ఉదయం తలుపు తట్టారు. మా జిల్లా మనిషే. రైల్వేలో చేసి రిటైరయ్యారు.

"ఏంటండీ మేడమ్‌గారూ, మెట్ల దాకా వస్తోంది. పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు."

"పిల్లికి బాగోలేదేమోనండీ," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఒక సాకుగా వచ్చింది, నేనే దాన్ని నమ్మలేదు.

"పిల్లికి బాగోకపోవడం ఏంటండీ, బలుపు. మా ఊళ్ళో ఏం చేసేవాళ్ళు? గోనెసంచిలో వేసి, మూడుసార్లు గిరగిరా తిప్పి, కాలవ అవతల వదిలేసేవాళ్ళు. దారి మర్చిపోతుంది. ఇక్కడ కాలవ లేదు కాబట్టి చేపల మార్కెట్ దగ్గర వదలండి. దానికీ సుఖం, మనకీ సుఖం."

మూడుసార్లు తిప్పితే పిల్లి దారి మర్చిపోతుందట. ఆ లెక్క ఎవరు తేల్చారని ఆయన్ని మెట్ల మీదే పట్టుకుని అడిగాను. ఆయన కిందికి దిగిపోయారు. ఆ సాయంత్రం వంటింటి తలుపు వెనక కొత్త గోనెసంచి కనిపించింది. తెచ్చింది యాదగిరి.

"బోనాల ఆదివారం కానియ్యి," అన్నాడు నా వైపు చూడకుండా. "సోమవారం పొద్దుగాల నేనే తీస్కపోత."

"అందులో ముందు నన్ను వెయ్యి."

"ఉపన్యాసం ఆపు జర. ఇంటికి చుట్టాలు రానీకి భయపడుతున్నరు. అమ్మ రెండుసార్లు ఇల్లు కడుగుతుంది దినాం. ఆమె మోకాళ్ళు జూసినవా?"

చూడలేదు. ఆ వారం నేను ఎవరి మోకాళ్ళూ చూడలేదు, దేన్నీ చూడలేదు. గెలవాలని మాత్రమే ఉంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి రెండు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. సోమవారం లోపు పిల్లిని దారికి తెస్తానని నాలో నేను గడువు పెట్టుకుని, నీళ్ళ గిన్నెను మధ్యాహ్నమే తీసేయడం మొదలుపెట్టాను.

శనివారం ఇల్లంతా పొడిగా ఉంది. చాప, మంచం, బట్టలు, అన్నీ.

"గా పిల్లిని జర జూడు బిడ్డా," అంది అత్తమ్మ. "పొద్దటిసంది డబ్బల కూసుంటది, లేస్తది, మల్ల కూసుంటది. ఇసుక జూస్తె పొడిగనే ఉన్నది."

"మంచిదేగా అత్తమ్మా. మొండితనం వదిలింది."

నేను సంతోషించాను. నా పద్ధతి ఫలించిందని యాదగిరికి వినపడేలా అన్నాను. ఒక ప్రాణి లోపల మూత్రం దారి మూసుకుపోయి విషమవుతుంటే, దాన్ని నేను విజయం అని పిలిచాను.

ఆదివారం

పొద్దున్నే బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు నుంచి డప్పులు మొదలయ్యాయి. అత్తమ్మ తలస్నానం చేసి, వేరే చీర కట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుంది. బోనం కుండ సిద్ధంగా ఉంది, చుట్టూ వేపమండలు, పైన దీపం పెట్టడమే తరువాయి. మిరియం కోసం వెతికితే బాత్రూమ్‌లో ఉంది. పాత ఇసుక డబ్బా ఉండే చోట, వట్టి బండ మీద, నడుము వంచి కూర్చుని ఉంది. గొంతులోంచి నేనెప్పుడూ వినని చిన్న మూలుగు వస్తోంది. నన్ను చూసి లేవబోయి వాంతి చేసుకుని పక్కకు ఒరిగింది.

అత్తమ్మ వచ్చి కింద చతికిలబడి దాని పొట్ట మీద చెయ్యి వేసింది. పసుపు చెయ్యి, నల్ల పొట్ట.

"రాయి లెక్క ఉన్నది. మా ఎద్దుకు గిట్లనే అయింది ఒకపారి. ఒంటికి పోసుడు బంద్ అయింది. మేము గాలి తగిలిందనుకుని మంత్రం ఏయించినం. మూడో దినం సచ్చిపోయింది."

నేనేం అన్నానో తెలుసా? అంత భయంలోనూ, "ఎల్లమ్మ కోపం అన్నావుగా," అన్నాను.

"కోపం సంగతి తర్వాత జూద్దాం. ముందుగాల దవాఖానకు తీస్కపో."

రెండు చోట్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోది పంజాగుట్ట సందులో ఒక చిన్న పశువైద్యశాల. ఎత్తిన అమ్మాయి రెండే అడిగింది. మగపిల్లా? చుక్క కూడా రావడం లేదా? రెండింటికీ అవునన్నాను. "వెంటనే బయల్దేరండి మేడమ్, రేపటి దాకా ఆగకండి," అంది.

యాదగిరి కిటికీలోంచి చూశాడు. సందు మొత్తం జనం. బండి కదలదు. "అమ్మా, మరి నీ బోనం?" అన్నాడు.

"బోనం పొద్దుగూకంగ సుత ఎత్తొచ్చు. దీనికి పొద్దుగూకుడు లేదు."

బట్టల బుట్టలో తువ్వాలు పరిచి, మిరియాన్ని పడుకోబెట్టి, పైన ఇంకో తువ్వాలు కట్టాం. మెట్లు దిగాక జనంలోకి అడుగు పెట్టే దారి లేదు. "జరగండి, జరగండి" అని నేను అరిచాను. ఒక్కరూ జరగలేదు. పిల్లి అని చెబితే ఒకతను నవ్వాడు కూడా. అప్పుడు అత్తమ్మ బుట్ట నా చేతిలోంచి లాక్కుని నెత్తిన పెట్టుకుంది.

జనం చీలిపోయారు. పసుపు కాళ్ళ ముసలామె, నెత్తిన గుడ్డ కప్పిన బుట్ట. ఇంకేం కావాలి? ఎవరో చెంబుతో ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశారు. ఇంకెవరో వంగి దండం పెట్టారు. ఒక వాలంటీరు, "అమ్మా, గుడి అటు, లైన్ల రా," అంటే ఆమె తల కదపకుండా ముందుకే నడిచింది. వెనకాల నేను. ముప్పై ఏళ్ళుగా ఈ దండాలను ప్రశ్నించిన నేను నోరు మూసుకుని ఆ దారిలో నడిచాను. అబద్ధం ఆడలేదు, ఉన్న అపోహను సరిదిద్దనూ లేదు. సిగ్గుపడమని ఎవరైనా అంటే పడను. దేవత కోసం తప్పుకున్న దారి, చావుబతుకుల్లో ఉన్న పిల్లి కోసం తప్పుకోలేదు. సిగ్గుపడాల్సింది ఆ దారి.

మెయిన్ రోడ్డు మీద ఒక ఆటో దొరికింది. "బోనం తీస్కొని గిటెక్కడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

"బోనం గాదు నాయన, పిల్లి. పానం మీదికొచ్చింది. పంజాగుట్టకు తోలు."

అతను తువ్వాలు అంచు ఎత్తి చూశాడు. "మా ఇంట్ల సుత రెండున్నయ్. ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆ తర్వాత అతను తోలిన తోలుడుకు నేను కళ్ళు మూసుకున్నాను, అత్తమ్మ మాత్రం బుట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

వైద్యశాల ముందు గదిలో నలుగురు ఉన్నారు. అందరికంటే ముందు వంతు, కాలికి కట్టు ఉన్న ముసలి కుక్కను ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడది. బుట్టలోకి ఒక్కసారి చూసి, "మీరు పదండి, మాది కట్టు మార్చడమే," అని లేచి నిలబడింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. మిరియం పొట్ట తడిమి అడిగింది. "చివరిసారి ఎప్పుడు పోసింది?"

ఎక్కడ పోసిందో, ఎన్ని బట్టలు పాడు చేసిందో, ఎవరికి కోపం తెప్పించిందో అన్నీ చెప్పగలను. ఎప్పుడు పోసిందో తెలియదు.

"శుక్రవారం పొద్దుగూకంగ," అంది అత్తమ్మ. "నాలుగు సుక్కలు. జర ఎర్రగున్నయ్. అంతకుముందు నాలుగు దినాలసంది కొంచెం కొంచెమే పోస్తుండె."

డాక్టరు అత్తమ్మ వైపు తిరిగింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆమెనే అడిగింది.

మగపిల్లులకు మూత్రం దారి చాలా సన్నం అని చెప్పింది. ఇసుక లాంటి రవ్వలతో అది పూర్తిగా మూసుకుపోయింది, మత్తు ఇచ్చి గొట్టం వెయ్యాలి, ఒంట్లో విషం పెరిగి గుండె మీద పడి ఉండొచ్చు, మాట ఇవ్వలేను అంది. కాగితం మీద సంతకం పెడుతూ, "నీళ్ళు తగ్గించాను," అన్నాను. ఎవరో ఒకరికి చెప్పాలి కాబట్టి చెప్పాను. ఆమె కాగితం అందుకుని, "ఇక తగ్గించకండి," అంది. అంతే. నన్ను కడిగేసి ఉంటే తేలిగ్గా ఉండేది.

తలుపు మూసుకున్నాక మేమిద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అత్తమ్మ పెదాలు కదులుతున్నాయి, ఎల్లమ్మను పిలుస్తోంది. నేను వాదించలేదు. నమ్మకం పుట్టి కాదు. ఆ గదిలో వాదన వల్ల మిరియానికి ఒరిగేది ఏమీ లేదని తెలిసి. గోడ మీద కుక్కలకు పట్టే గోమార్ల బొమ్మల పోస్టరు ఉంటే దాన్ని ఎన్నిసార్లు చదివానో. చాలాసేపటికి యాదగిరి చెమటతో తడిసి వచ్చాడు. ఇంటికి తాళం వేసి కిందికి వచ్చేసరికి మేం కనిపించక, సోమాజిగూడ చుట్టూ తిరిగి నడిచి వచ్చాడట. నా పక్కన కూర్చుని నేల చూస్తూ, "సంచి పారేసిన," అన్నాడు. రెండు రోజుల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాట అది.

డాక్టరు బయటికి వచ్చి గొట్టం పడిందని చెప్పింది. ఇంకా రెండు రోజులు ఏదీ చెప్పలేనంది.

ఆ సాయంత్రం అత్తమ్మ బోనం ఎత్తింది. నేను గుడి లోపలికి పోలేదు, బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. తిరిగి వచ్చి, "నీ పిల్లి కోసం మొక్కిన," అంది. "నీ పేరు చెప్పలే. నీకు నచ్చదు గద."

బుధవారం

గొట్టం తీశాక అసలు పరీక్ష మొదలవుతుందని మాకు తెలియదు. ఆ తర్వాత అది తనంతట తాను పోయాలి. పోయకపోతే మళ్ళీ మొదటికి. మంగళవారం తీశారు. బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. "పోసింది మేడమ్, బాగా పోసింది," అంది డాక్టరమ్మాయి. నేను యాదగిరి ఆఫీసుకు ఫోన్ చేసి అదే మాట చెబితే, అతను అక్కడ గట్టిగా తిరిగి చెప్పినట్టున్నాడు, వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. పది రోజుల కిందట ఏ వాసనకు ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదో, ఆ వాసన కోసమే చప్పట్లు.

ఆగస్టు

మిరియం ఇంట్లో ఉంది. ఇసుక డబ్బా బాత్రూమ్‌లోకి తిరిగి వచ్చింది, బాల్కనీలో ఇంకోటి పెట్టాం. మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు. ఎండు గింజల్లో నీళ్ళు కలిపి మెత్తగా చేసి పెడుతున్నాం. ఫినాయిల్ ఇంట్లోంచి పోయింది. అది పిల్లి ఒంటికి హాని అట, పైగా మనకు పోయిందనిపించిన మూత్రం వాసన దానికి పోదట, అందుకే మళ్ళీ అక్కడికే వస్తుందట. ఆ వాసనను విరగ్గొట్టే క్లీనర్లు వేరే ఉన్నాయి. ఇన్ని చేసినా ఈ నెలలో రెండుసార్లు పరుపు మీద పోసింది. పోసిన ప్రతిసారీ ఎంత పోసింది, ఏ రంగు, నొప్పి పడిందా అని చూస్తున్నాం. మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఉందని డాక్టరు దాచకుండా చెప్పింది. ఆ భయం పోలేదు, పోతుందని మీకు చెప్పను.

ఎల్లమ్మే కాపాడిందని అత్తమ్మ అంటుంది. నేను ఒప్పుకోను. కాపాడింది ఆ డాక్టరు, ఆ గొట్టం, వంతు వదులుకున్న ఆవిడ, కడుపు మీద పడిన అత్తమ్మ చెయ్యి. ఇది మేం ఇంకా తేల్చుకోలేదు, రోజూ వాదించుకుంటున్నాం. కానీ నా తోటి హేతువాదులకు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో తప్పు కారణం చెప్పిన ఆమె పిల్లిని చూసింది. తప్పు కారణం చెప్పిన నేను చూడను కూడా లేదు. మూఢనమ్మకం వాళ్ళ ఇళ్ళలోనే ఉంటుందని, మన ఇంట్లో ఉన్నదంతా తర్కమేనని అనుకున్న రోజునుంచే మనం గుడ్డివాళ్ళం.

పోయిన ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెంపుడు జంతువుల మీద నిషేధం పెట్టాలని ప్రసాదరావు గారు లేచారు. నేనూ లేచాను. "మీకు ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యే ముందు లిఫ్టులో తడిసిపోయిన రోజు మిమ్మల్ని ఏ మార్కెట్ దగ్గర వదిలామండీ?" అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఆ మాట మింగాను. జబ్బును అవమానంగా వాడుకోవడం నాకు కొత్తగా అసహ్యమైంది. బదులుగా మిరియానికి ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, నీళ్ళు తీసేసిన సంగతితో సహా. తీర్మానం వాయిదా పడింది. ఆయన బయటికి వస్తూ, "అంత నొప్పి ఉంటుందంటారా అండీ దానికి?" అని మెల్లగా అడిగారు. ఉంటుందన్నాను. వచ్చే నెల నిషేధం మళ్ళీ తెస్తే మళ్ళీ లేస్తాను.

ఇక మీ వంతు. నాతో ఏకీభవించనక్కర్లేదు, నన్ను మెచ్చుకోనక్కర్లేదు. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ కాగితం కింద పెట్టి లేవండి. ఇసుకలో వేలు పెట్టి తడి ఉందో లేదో చూడండి. అది పదేపదే కూర్చుని వట్టిగా లేస్తుంటే, పోసేటప్పుడు మూలుగుతుంటే, చుక్కలు చుక్కలుగా ఎక్కడపడితే అక్కడ పోస్తుంటే, తిట్టకండి, కొట్టకండి, రేపటి దాకా ఆగకండి. మగపిల్లి అయితే ఈ పూటే తీసుకెళ్ళండి. పండగైనా తీసుకెళ్ళండి, ఇంటిల్లిపాదీ వద్దన్నా తీసుకెళ్ళండి. లేవండి.